ఐదో దిమ్మ దగ్గర లోతు

జ్యేష్ఠ శుద్ధ దశమి

గాలి నైరుతి. అల మోస్తరు. ఐదో దిమ్మ దగ్గర లోతు 229 మూరలు. ఒండ్రు డబ్బా ఇంకా పైకి తీయలేదు.

ఈ పుస్తకంలో సొంత విషయాలు రాయకూడదని నాకు ముందు దీన్ని రాసిన గణపతిరావు మాస్టారు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో పెట్టారు. ఆయన ముప్ఫై ఏళ్ళు గాలి, అల, లోతు, ఒండ్రు తప్ప ఇంకోటి రాయలేదు. తన పెళ్ళి రోజున కూడా "గాలి ఈశాన్యం, అల లేదు" అని రాసుకున్నాడు మహానుభావుడు. నాకంత నిగ్రహం లేదు. పైగా ఇవాళ్టి విషయం సొంతమో, ఊరిదో నాకే తేలడం లేదు. మా పంటు మీద పప్పుచారు కంచంలో ఒక పక్కకే పోతోంది.

చారు ఒరిగిందంటే పంటు ఒరిగిందన్న మాట. లంగరుపాలెంలో తెప్పల్లాంటి ముప్ఫై ఎనిమిది రేకు పంటులు ఒకదానికొకటి కట్టుకుని, పన్నెండు గొలుసులతో అడుగున లంగరు దిమ్మలకి బిగించుకుని నీటి మీద తేలుతుంటాయి. మిగతావన్నీ చదునుగా ఉండగా మా ఐదో పంటుకి ఒక్కదానికే ఉత్తరం అంచు కిందికి దిగింది. ఎందుకని ఊరంతా ఆలోచించింది. ఎక్కువసేపు పట్టలేదు. ఉత్తరం మూల అచ్చియ్యమ్మ గారి వంటిల్లు ఉంది, అందులో ఆవిడ ముత్తవ్వ నాటి రుబ్బురోలు ఉంది. నూరేళ్ళ కిందట లంక మునిగిననాడు ఆ ముత్తవ్వ నగల పెట్టె వదిలేసి రోలు పట్టుకొచ్చిందట. ఇన్నాళ్ళూ ఒరగని పంటు ఇప్పుడే ఎందుకు ఒరిగిందని మాత్రం ఎవరూ అడగలేదు.

మా సరంగు తాతబ్బాయి స్వయంగా వచ్చి చూశాడు. సరంగంటే మా ఊరి పెద్ద. నాకు అక్క మొగుడు కూడా, కాబట్టి ఆయన గురించి నేను కొంచెం చనువుగానే రాస్తాను.

"రోలు ముప్ఫయ్యో పంటు మీదకి తోలించెయ్యండి," అన్నాడు బావ.

అచ్చియ్యమ్మ గారు చేతిలో చీపురు దించకుండానే మాట్లాడింది. "నా రోలు బరువా, నీ కొబ్బరిమొక్కలు బరువా తాతబ్బాయీ? నా పక్కనే మూడొందల డ్రమ్ములు పేర్చావు కదా!"

"అయ్యి ఆరో పంటు మీద ఉన్నాయండి."

"మరి ఆరో పంటు ఒరగలేదేం?"

జవాబు లేనప్పుడు సరంగులు ఆజ్ఞలిస్తారు. సాయంత్రానికి నలుగురు మనుషులు ఆయాసపడుతూ రోలు దొర్లించుకుపోయారు. పంటు వెంట్రుకవాసి కూడా లేవలేదు.

జ్యేష్ఠ పౌర్ణమి, దిగుడు రోజు

గాలి నైరుతి. అల మోస్తరు. లోతు 229 మూరలు.

మాకు ఏడాదికి పండగలు ఎన్నున్నా దిగుడు రోజంత సందడి దేనికీ ఉండదు. ధ్రువాల దగ్గర మంచు మళ్ళీ కట్టడం మొదలుపెట్టిన ఏడు, ఐదో లంగరు దిమ్మ పక్కన తాడు దించితే 240 మూరలు పోయిందట. మంచు పెరిగేకొద్దీ సముద్రం దిగుతుంది, సముద్రం దిగేకొద్దీ తాడు తక్కువ పడుతుంది. ఒడ్డు కంటికి కనపడని ఊళ్ళో ఇంతకు మించిన కొలత ఏముంది? తేలుతూ బతికేవాళ్ళకి కదలనిది ఒక్కటే, కింద నేల. ఎనిమిదేళ్ళ నుంచి ఈ రోజున తాడు దించి లెక్క పిలిచేది నేనే.

పన్నెండు మూరలు దిగిన నాడు మా ముత్తాతల లంక బయటపడుతుందని అంచనా. ఏ ఊరు ఏ లంకకి ఎదురుగా తేలుతోందో ఆ లంక ఆ ఊరిదని ఒప్పందం. దాన్ని ఎదురు హక్కు అంటాం. తుఫానుకి గొలుసులు తెగి కొట్టుకుపోతే హక్కు పోదు, తిరిగి రావచ్చు. మనంతట మనం గొలుసుల్ని పంటుకి పట్టి ఉంచే చీలలు తీసి కదిలితే మాత్రం పోతుంది. అందుకని మా ఊళ్ళో చీల అన్న మాటే అపశకునం.

మంచు కట్టే శాఖ వాళ్ళు రేడియోలో ఇప్పటికి మూడు మూరలే దిగిందంటారు. ఎక్కువ దిగిందని ఒప్పుకుంటే భూమి ఇవ్వాల్సి వస్తుంది కదా అని మావాళ్ళ అనుమానం. ఆ వార్తలు వచ్చే వేళకి ఊళ్ళో రేడియోలన్నీ కట్టేస్తారు. నిజం చెప్పాలంటే నేనూ కట్టేస్తాను.

"రెండొందల ఇరవై తొమ్మిది! పదకొండు మూరలు దిగింది!" అని పిలిచాను. ఈలలు, చప్పట్లు, డప్పులు. మా బావ కళ్ళు తుడుచుకుని ఇంటికి రెండేసి కొబ్బరిమొక్కలు కేటాయించాడు. వచ్చే ఏడు లంకలో నాటుకోవాలట. ఏ మొక్క ఏ గట్టున పెట్టాలో కూడా బొమ్మ గీసి పెట్టుకున్నాడు. బావ నేల మీద కాలు పెట్టింది జన్మలో రెండుసార్లు, రెండుసార్లూ వాంతి చేసుకున్నాడు. ఆ సంగతి నేను ఇవాళ గుర్తు చేయలేదు.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

గాలి నైరుతి, బలంగా. లోతు 228 మూరల చిల్లర.

ఒండ్రు డబ్బా తీశాం. ఇది నోరు తెరిచిన ఒక రేకు డబ్బా. అడుగుకి కాస్త పైన వేలాడదీస్తే పైనుంచి రాలే ఒండ్రు అందులో పడుతుంది, నెలకోసారి పైకి లాగి ఎంత పడిందో రాయాలి. లాగే చక్రం ఇవాళ ఆగి ఆగి తిరిగింది. తీరా వచ్చాక చూస్తే డబ్బా అంచు దాకా నిండింది. నిండడమే కాదు, బయట కూడా ఒండ్రు పట్టి, పైన తాడు రెండు మూరల దాకా బురదలో ముంచి తీసినట్టుంది. అడుగుకి పైన ఉండాల్సిన డబ్బా అడుగులో కూరుకుపోయిందన్న మాట.

గణపతిరావు మాస్టారి పాత పుస్తకాలు తీశాను. ప్రతి ఏడూ ఒకటే మాట: "ఒండ్రు, ఏడాది మొత్తానికి గోరు మందం." తర్వాత నా పుస్తకాలు తీశాను. ఎనిమిదేళ్ళుగా నెలనెలా నేను రాసింది కూడా ఒకటే మాట: "ఒండ్రు, మామూలే."

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. లోతు ఎంతని అందరూ అడుగుతారు. ఒండ్రు ఎంతని ఒక్కరూ అడగరు. డబ్బా బరువుగా ఉంటుంది, కంపు కొడుతుంది, చీర పాడవుతుంది. కొలవకుండా సముద్రంలో బోర్లించి "మామూలే" అని రాసేసేదాన్ని. చక్రం ఏటేటా బరువుగా తిరుగుతుంటే చక్రమే ముసలిదైందనుకుని నూనె పోశాను. అది నా తప్పు. పూర్తిగా నాదే.

ఇవాళ మాత్రం ఆ ఒండ్రుని పళ్ళెంలో పరిచి చూశాను. అందులో వరి ఊక ఉంది. పెంకు ముక్క ఉంది. చెట్టు వేరు ఉంది. సముద్రం మధ్యలో ఊక ఎవరు దంచారు?

ఆషాఢ శుద్ధ విదియ

గాలి నైరుతి, బలంగా. లోతు 228 మూరల చిల్లర.

సిగ్గు విడిచి మంచు శాఖకి వైర్‌లెస్ కలిపాను. సుహాసిని అనే అమ్మాయి పలికింది. గొంతు చాలా మర్యాదగా ఉంది.

"మా అడుగున లంకల మట్టి పడుతోందండి, ఎందుకో కాస్త చెబుతారా?" అని అడిగాను.

"పడుతుందండి. సముద్రం పెరిగి ఉన్న నూరేళ్ళూ గోదావరి తెచ్చిన ఒండ్రంతా మునిగిపోయిన లంకల మీదే ఆగిపోయింది. నీరు నిలిచి ఉంటే మట్టి అక్కడే కూర్చుంటుంది కదండీ. మీ వైపు వాలు దాకా వచ్చేది కాదు."

"గోరు మందం వచ్చేది."

"ఆఁ, అంతే. ఇప్పుడు సముద్రం కాస్త దిగేసరికి నదికి వాలు దొరికింది. పాత ఒండ్రుని కోసుకుంటూ తెచ్చి, గట్టు అంచు దాటించి మీ కింద వాలు మీద పోస్తోంది. సముద్రం ఇంకా దిగితే ఇంకా తెస్తుంది."

"మరి మా లంక?"

"మీ కిందకి వస్తున్నది అదేనండి," అంది.

పళ్ళెంలో ఎండిన ఊకని వేలితో పక్కకి నెట్టాను. తర్వాత ఆ అమ్మాయే మళ్ళీ అందుకుంది. "వాలు మీద మెత్తటి ఒండ్రు అలా పోగుపడితే నిలవదండి. వరద ఒండ్రు ఒక్కసారిగా వచ్చి పడితే మొత్తం జారుతుంది. మీ లంగర్లు దాని మీదే ఉన్నాయి. ఏడేళ్ళుగా రోజూ వార్తల్లో చెబుతూనే ఉన్నామండి. మీరు వినలేదా?"

ఆ వేళకి మా ఊళ్ళో రేడియోలు పాడైపోతాయని చెప్పాను.

ఆషాఢ శుద్ధ చవితి

గాలి నైరుతి. అల ఎక్కువ. లోతు 228 మూరల చిల్లర. ఈ అంకె ఇక మీదట ఎందుకు రాస్తున్నానో నాకు తెలియదు.

బావని పట్టుకొచ్చి నీళ్ళలో పనిచేసే కెమెరా అడుగు దాకా దింపాను. లంగరు దిమ్మ తొమ్మిది మూరల ఎత్తు కాంక్రీటు స్తంభం, నెత్తిన ఇనుప కడియం, కడియానికి గొలుసు. దీపం వెలుగులో అడుగు కనిపించింది. చదునుగా, మెత్తగా, తేర్చిన పిండిలా ఉంది. దిమ్మ లేదు.

"కెమెరా పక్కకి పోయినట్టుంది. కొంచెం జరుపు," అన్నాడు బావ.

జరిపాను. ఒండ్రులోంచి సగం బయటికి ఉన్న కడియం కనిపించింది. దిమ్మ మొత్తంలో ఒక మూర మాత్రమే పైకుంది.

"తొమ్మిదిలో ఎనిమిది మూరలు కూరుకుపోయాయి బావా. దిమ్మ పక్కనే కదా మనం తాడు దించేది. నేను పిలిచిన పదకొండులో ఎనిమిది కింద నుంచి పైకి లేచిన ఒండ్రు. సముద్రం దిగింది మూడే. మంచు శాఖ వాళ్ళు చెప్పిందే కరెక్టు."

బావ తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "మరి ఎనిమిదేళ్ళ నుంచి ఏం పిలుస్తున్నావే కాంతం?"

"తప్పు పిలిచాను."

గొలుసు సంగతి కూడా చెప్పాను. ఒండ్రు కింద పడ్డ గొలుసు కదలదు, పైన మిగిలిన ముక్క ఏటేటా పొట్టిదవుతోంది, అది పంటుని పట్టి కిందికి గుంజుతోంది. మా పంటు నది నోటికి ఎదురుగా, ఒండ్రు జారి వచ్చే గాడి మీద ఉంది, అందుకే మొదట మాకే తగిలింది. వరద వచ్చేలోపు చీలలు తీసి, ఊరిని వాలు మీదనుంచి లోతు వైపు తప్పించాలి.

చీలలు అన్న మాట వినగానే బావ లేచిపోయాడు. "లంక పోయిందంటావు, హక్కు వదలమంటావు. ఏటి నీ ఉద్దేశం? సచ్చేదాకా మనం ఈ రేకుల మీదే కూకోవాలా?" గుమ్మం దగ్గర ఆగి, "ఈ మాట ఎక్కడా అనకు," అన్నాడు.

నేను అనకుండా ఉండలేదని వేరే రాయనక్కర్లేదు.

ఆషాఢ శుద్ధ సప్తమి

గాలి నైరుతి. అల ఎక్కువ.

ఊరు సభ. మైకు ముందు నిలబడి ఎనిమిదేళ్ళ లెక్క తప్పని చెప్పాను. సభలోంచి మాటలు చాలానే వచ్చాయి. మంచు శాఖ వాళ్ళు నాకు బియ్యం పంపుతున్నారని ఒకరన్నారు. మరి ఆ కెమెరా బొమ్మ అచ్చంగా మనదేనా అని ఇంకొకరు అడిగారు. చీలలు తీయాలా వద్దా అని చేతులెత్తమంటే తీయాలన్నవి ఇరవై రెండు, వద్దన్నవి రెండొందల తొంభై. బావ చెయ్యి రెండొందల తొంభైలో ఉంది. అక్క చెయ్యి ఇరవై రెండులో ఉంది. ఈ రాత్రి ఆ ఇంట్లో కూర మాడుతుంది.

నేను వాళ్ళని తప్పు పట్టను. ఎనిమిదేళ్ళు నా నోటితోనే వాళ్ళకి ఆ ఆశ పెట్టాను. ఒక్క పూటలో తీసేస్తానంటే ఎవరిస్తారు?

లాభపడింది అచ్చియ్యమ్మ గారొక్కర్తే. సభ కాగానే బావకి ఎదురెళ్ళింది. "లంగరు సంగతి తర్వాత. పంటు ఒరిగింది నా రోలు వల్ల కాదని తేలిందా లేదా?"

"తేలిందండి."

"అయితే నా రోలు నాకు తెచ్చి పెట్టు. నలుగురిని పంపటం కాదు. నువ్వు తెచ్చి పెట్టు."

ఊరు కాపాడమంటే వినని మనిషి, రోలు దగ్గర ఓడిపోయాడు. ముప్ఫయ్యో పంటు నుంచి ఐదో పంటు దాకా సరంగు గారు ఒక్కరే రోలు దొర్లిస్తుంటే అచ్చియ్యమ్మ గారు వెనకాలే గొడుగు పట్టుకుని, "మెల్లిగా బాబూ, పగుల్తుంది," అంటూ నడిచింది. ఇన్ని రోజుల్లో నేను నవ్వింది అప్పుడొక్కసారే.

ఆషాఢ బహుళ పంచమి

గాలి నైరుతి, చాలా బలంగా. నీటి రంగు కాఫీ రంగు.

ఎగువన భారీ వర్షాలు. గోదావరి వరద అంచు దాటి మా మీదకి వచ్చింది. మొసలి ఆకారంలో దుంగలు, గుర్రపుడెక్క, ఒక కుర్చీ. ఊరివాళ్ళు ఆ కుర్చీని చూసి లంకదే అయ్యుంటుందని మురిసి దాన్ని పట్టుకొచ్చి ఎండేశారు.

ఆరో పంటు కూడా ఒరిగింది. ఏడోది కూడా. రోజుకి మూడుసార్లు కెమెరా దింపుతున్నాను. నిన్న కడియం కనిపించింది. ఇవాళ కనిపించలేదు. రాసి బావకి పంపాను. జవాబు రాలేదు.

నాకు భయంగా ఉంది. గణపతిరావు మాస్టారు ఈ వాక్యాన్ని కొట్టేసేవారు.

ఆషాఢ బహుళ అష్టమి, ఉదయం

తెల్లవారేసరికి అచ్చియ్యమ్మ గారి వంటింట్లోకి నీళ్ళు వచ్చాయి. ఉత్తరం అంచు మునిగింది. గొలుసు బిగుసుకుని పంటు రేకులు కిర్రుమంటున్నాయి.

బావ వచ్చాడు. ఏమీ అడగకుండా కెమెరా తనే దింపాడు. అరగంట తెర ముందు కూర్చుని అటూ ఇటూ జరిపి వెతికాడు. చదునైన ఒండ్రు తప్ప ఏమీ దొరకలేదు. ఒకచోట ఆ ఒండ్రులో పొడుగ్గా ఒక పగులు కనిపించింది. మడమ పగిలినట్టు, వాలుకి అడ్డంగా. చూస్తుండగానే అంచునుంచి కొంచెం పొడి రాలింది.

"ఇది నిన్న ఉందా?" అన్నాడు.

"లేదు బావా."

లేచి ఆరో పంటు మీదకి వెళ్ళాడు. మూడొందల కొబ్బరిమొక్కల మధ్య కాసేపు నిలబడ్డాడు. ఒక మొక్కకి వంగిన ఆకు సర్దాడు. నేను దూరంగానే ఆగిపోయాను. తిరిగి వచ్చేటప్పుడు చేతిలో సమ్మెట ఉంది.

"మళ్ళీ చేతులెత్తించాలా?" అని అడిగాను.

"ఎందుకే? సరంగుని నేనా, నువ్వా?"

ఐదో గొలుసు చివర గుర్తుకి తాడుతో ఒక ఎర్ర పీపా కట్టి, చీల మీద మొదటి దెబ్బ ఆయనే వేశాడు. మూడో దెబ్బకి చీల ఊడింది, గొలుసు బుడుంగుమని జారింది, మా పంటు ఒక్క ఊపున పైకి లేచి అందరినీ కింద పడేసింది. పడ్డవాళ్ళు లేచి అరుస్తూ వచ్చారు. బావ సమ్మెట దించలేదు. "ఇష్టం లేనివాళ్ళు నన్ను కొట్టండి. కొట్టాక మిగిలిన పదకొండూ తియ్యండి," అన్నాడు. ఎవరూ కొట్టలేదు. లేచిన పంటుని చూశాక ఒక్కొక్కరే వెళ్ళి సమ్మెటలు తెచ్చారు. మిగతా గొలుసుల చివరా అలాగే ఒక్కో ఎర్ర పీపా కట్టి వదిలాం, తర్వాత వెతుక్కోవచ్చని. మధ్యాహ్నానికి పన్నెండూ వదిలాం. నాలుగు పడవలు ఊరిని తూర్పుకి లాగాయి.

అదే రోజు, సాయంత్రం

గాలి నైరుతి. అల తగ్గింది. లోతు కొలవలేదు, అంత తాడు మా దగ్గర లేదు.

ఒక మైలు దూరం వచ్చాక వెనక్కి చూస్తూ కూర్చున్నాం. పన్నెండు ఎర్ర పీపాలు వరసగా తేలుతున్నాయి. మూడున్నర దాటాక ఐదో పీపా కదిలింది. అలకి ఊగడం కాదు, నడిచినట్టు లోతు వైపు వెళ్ళింది. దాని పక్కది వెళ్ళింది. పన్నెండూ ఒకే దారిన కదిలి, ఒకటి తర్వాత ఒకటి నీళ్ళలోకి దిగిపోయాయి. వాటి చోట నీళ్ళు బుడగలు కక్కాయి. తర్వాత ఒక పొడుగు అల వచ్చి మా ఊరిని మెల్లగా ఎత్తి దింపింది. ఎక్కడా పెద్ద చప్పుడు లేదు. ముప్ఫై ఎనిమిది పంటుల మీద పదిహేను వందల మందిమి ఉన్నాం, అందరం ఆ బుడగల వైపే చూశాం. అచ్చియ్యమ్మ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఐదున్నరకి బావ నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. ఆరు గంటలకి నేను వైర్‌లెస్‌లో ఈ పుస్తకం చదవాలి. ఈ వాలు మీద మాలాంటి తేలే ఊళ్ళు ఇంకా పదకొండు ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి అందరూ ఒకరి గాలి, అల ఒకరు వింటారు.

"రాసేశావా?" అన్నాడు.

"రాస్తున్నా."

"గొలుసులు తెగాయని రాయి."

నేను కలం ఆపాను.

"అబద్ధమని నాకూ తెలుసు కాంతం. కానీ చూడు. దిమ్మలు పోయాయి, గొలుసులు పోయాయి, పీపాలు పోయాయి. తీశామో, తెగాయో చెప్పేదానికి భూమ్మీద ఆ పుస్తకం తప్ప ఏమీ లేదు. తెగాయంటే మన హక్కు మనకుంటుంది. లంక లేకపోతే పోయె, దానికి బదులు ఇంకేదో ఒక దిబ్బ ఇవ్వరా? తీశామంటే పదిహేను వందల మందికి ఎక్కడా ఏమీ లేదు. నీ ఒక్క మాట మీద ఉంది."

ఆయన బతిమాలడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఆయన అడిగింది తన కోసం కాదు, అది నాకు తెలుసు. రాసినా ఎవరికీ తెలియదు, అదీ తెలుసు.

"తెగాయంటే మిగతా పదకొండు ఊళ్ళూ ఏమనుకుంటాయి బావా? పాపం లంగరుపాలెం గొలుసులు పాతవి, తెగాయి అనుకుంటాయి. మనవి గట్టివి కదా అని చూసుకుని పడుకుంటాయి. వాళ్ళ కిందా ఇదే ఒండ్రు. వాళ్ళూ దిమ్మ పక్కనే తాడు దించుతారు. వాళ్ళ దగ్గరా నాలాంటిది ఒకత్తి ఉండి పదకొండు మూరలని పిలిచే ఉంటుంది."

బావ పీట మీద కూలబడ్డాడు. వద్దని మాత్రం అనలేదు.

ఆరింటికి చదివాను. "లంగరుపాలెం. గాలి నైరుతి. అల తగ్గింది. ఈ ఉదయం మా పన్నెండు గొలుసుల చీలలు మాకై మేమే తీశాం. మధ్యాహ్నం మూడున్నరకి మా కింద వాలు జారిపోయింది. మనుషులంతా క్షేమం. మా తాడు లెక్క ఎనిమిది మూరలు తప్పు. సముద్రం అంత దిగలేదు, అడుగు లేచింది. మీ దిమ్మ ఎంత పైకి కనపడుతోందో ఇప్పుడే చూసుకోండి."

పదకొండు ఊళ్ళు విన్నాయి. గరగర తప్ప ఏమీ లేదు. మళ్ళీ చదివాను. అప్పుడు బలుసుపాలెం నుంచి ఎవరో ఒక పెద్దమనిషి పలికాడు.

"ఆయ్, చంద్రకాంతం గారేనా అండీ? మాది పదిన్నర మూరలు దిగిందండి మొన్నే. పండగ చేసుకున్నామండి. మంచు శాఖోళ్ళు తమరి చేత చదివిస్తున్నారేటండీ?"

ఏం చెప్పను? పందొమ్మిది రోజులు మా ఊరినే నమ్మించలేనిదాన్ని, ఈ వైర్‌లెస్ డబ్బాలోంచి ఎవరికి చెప్పను?

బావ లేచి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు.

"లంగరుపాలెం సరంగు తాతబ్బాయినండి మాట్లాడేది. ఈవిడ మాట పందొమ్మిది రోజులు నమ్మని ఎదవని నేనేనండి. చెయ్యెత్తి వద్దన్నాను. పంటు ఒరిగితే తప్పంతా ఒక ముసలావిడ రోలు మీదకి నెట్టేశాను. నా దగ్గర మూడొందల కొబ్బరిమొక్కలున్నాయండి, నాటటానికి గట్టు లేదు. హక్కు పోయింది. ఇయ్యాల పొద్దున్న చీల నేనే కొట్టాను. నా చేత్తో కొట్టాను. కొట్టబట్టి మాట్లాడుతున్నాను. మీరు మంచు శాఖని నమ్మకండి, మా మరదల్నీ నమ్మకండి. కెమెరా దింపి మీ దిమ్మ ఉందేమో చూసుకోండి. అంతే, ఇంకేం అడగను."

మైకు నాకిచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురు చూశాం.

ఆరు నలభైకి బలుసుపాలెం: "కడియం ఒక్కటే కనపడతందండి. తీస్తన్నాం." పావుతక్కువ ఏడుకి కొత్తమొగ: "మాకు కడియం కూడా లేదు. తీస్తున్నాం." తర్వాత వరసగా వచ్చాయి. నేను ఊరి పేరు, వేళ రాస్తున్నాను, బావ నా భుజం మీదనుంచి వంగి లెక్కపెడుతున్నాడు. ఏడున్నరకి తొమ్మిది ఊళ్ళు.

పీతలపాలెం, వాడమొగ ఇంకా పలకలేదు. బావ మళ్ళీ మైకు తీసుకున్నాడు. పిలుస్తూనే ఉన్నాం.